అన్నం మానకుండా బరువు తగ్గడం ఎలా? తక్కువ జీఐ భోజనం మన కంచంలోనే

బరువు తగ్గాలనుకున్న తెలుగింట్లో మొదట వినిపించే మాట "నేను అన్నం మానేశాను". పది రోజులు చపాతీలు, సలాడ్లు నడుస్తాయి. ఆ తర్వాత ఏదో ఒక ఆదివారం ముద్దపప్పు, ఆవకాయ, వేడి అన్నం ముందుకొస్తాయి. అంతే, మళ్లీ మొదటికే. మా ఇంట్లో రెండుసార్లు ఇలాగే జరిగింది. మూడోసారి అన్నం మానే ప్రయత్నం చేయకుండా, నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాం: ఏ అన్నం, ఎంత అన్నం, దేనితో, ఏ వరసలో. ఈసారి నిలబడింది. ఆ పద్ధతినే మీ వంటింట్లో మొదలుపెట్టేలా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే, అన్నం తగ్గించే ముందే డాక్టరుకు చెప్పండి. తిండి తగ్గి మందు అలాగే ఉంటే షుగర్ పడిపోయి కళ్లు తిరగడం, చెమటలు పట్టడం జరుగుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పులు పెంచాలన్నా అడిగి తీరాలి. గర్భిణులు బరువు తగ్గే ప్రయత్నమే సొంతంగా చేయకూడదు.

జీఐ అంటే ఏంటి, మనకెందుకు

గ్లైసీమిక్ ఇండెక్స్‌ని పొట్టిగా జీఐ అంటారు. కెనడాలోని టొరంటో యూనివర్సిటీలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో దీన్ని ప్రతిపాదించింది. ఒక పదార్థాన్ని 50 గ్రాముల పిండిపదార్థం అందేంత తినిపిస్తారు. తర్వాత రెండు గంటల పాటు రక్తంలో చక్కెర ఎంత పెరిగిందో చూస్తారు. అంతే గ్లూకోజు తాగితే ఎంత పెరుగుతుందో దాన్ని 100 అనుకుని పోలుస్తారు. 55, అంతకన్నా తక్కువ వస్తే తక్కువ జీఐ. 56 నుంచి 69 మధ్యస్థం. 70, ఆపైన ఎక్కువ.

అంతర్జాతీయ పట్టికల్లోని సగటులు కొన్ని చూడండి. తెల్లన్నం 73. ముడిబియ్యం అన్నం 68, అంటే మనం అనుకున్నంత తేడా లేదు. కార్న్‌ఫ్లేక్స్ 81. ఉడికించిన బంగాళాదుంప 78. ఇక పప్పుధాన్యాలకు వస్తే అంకె ఒక్కసారిగా కిందికి దిగుతుంది: శనగలు 28, రాజ్మా 24, సోయా 16. పాలు 39. ఆపిల్ 36, మామిడిపండు 51, అరటిపండు 51.

జీఐ ఎక్కువున్న తిండి త్వరగా అరిగి చక్కెరగా మారి రక్తంలోకి వెళ్తుంది. దాన్ని దించడానికి ఇన్సులిన్ కూడా అంత వేగంగానే వస్తుంది. అందుకే ఎనిమిదింటికి నాలుగు ఇడ్లీలు తిన్న చాలామందికి పదకొండయ్యేసరికి కడుపు ఖాళీగా అనిపించి చెయ్యి బిస్కెట్ ప్యాకెట్ మీదికి పోతుంది. నెమ్మదిగా అరిగే తిండికి ఈ ఇబ్బంది తక్కువ.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన సమీక్షల్లో, తక్కువ జీఐ ఆహారానికీ మిగతా ఆహార పద్ధతులకీ మధ్య బరువు విషయంలో పెద్ద తేడా తేలలేదు. అంటే జీఐ తక్కువున్నవి తింటున్నాం కదా అని ఎంతైనా తింటే బరువు తగ్గరు. జీఐని నేను ఆకలిని అదుపులో పెట్టే పనిముట్టుగానే చూస్తాను. ఆకలి నెమ్మదిస్తే కంచంలో అన్నం తగ్గించడం కష్టమనిపించదు. బరువు తగ్గేది ఆ తగ్గించడం వల్లే.

మొదటి పని: ఒక్కరోజు అన్నం తూకం వేయండి

వంటింటి తూకం మిషన్ ఒకటి కొనుక్కోండి, లేదా పక్కింట్లో అడగండి. ఒక్కరోజు చాలు. ఖాళీ కంచం మిషన్ మీద పెట్టి సున్నా చేయండి. రోజూ ఎలా వడ్డించుకుంటారో అలాగే వడ్డించుకోండి, మొహమాటపడి తగ్గించకండి. మారు వడ్డించుకున్నా తూచండి, పెరుగులోకి కలుపుకునేదీ తూచండి.

నేను మొదటిసారి తూచినప్పుడు పప్పులోకి 160 గ్రాములు పెట్టుకున్నాను. కూరలోకి ఇంకో 110. చారులోకి "కొంచెమే" అనుకుంటూ వేసుకున్నది 60. చివర్న పెరుగులోకి 80. కూడితే 410 గ్రాములు. "నేను అన్నం పెద్దగా తినను" అని అంతకుముందు రోజే అన్నాను, అబద్ధమాడాలని కాదు. విడివిడిగా చూస్తే ఏ వడ్డనా ఎక్కువగా కనిపించలేదు.

ఉడికిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం, 130 కేలరీలు ఉంటాయి. 400 గ్రాములంటే 112 గ్రాముల పిండిపదార్థం, 520 కేలరీలు. తూకం మిషన్ లేకపోతే ఇంకో లెక్క ఉంది. రైస్ కుక్కర్‌తో పాటు ఇచ్చే కప్పుతో ఒక కప్పు బియ్యం దాదాపు 150 గ్రాములు, వండితే ఇంచుమించు 400 గ్రాముల అన్నం అవుతుంది. ఇద్దరికి పూటకి రెండు కప్పులు పెడుతున్నారంటే మనిషికి 400 గ్రాములు తింటున్నట్టే.

ఇప్పుడు అంకెల్లో అసలు విషయం. తిన్న పిండిపదార్థాన్ని జీఐతో గుణించి 100తో భాగిస్తే వచ్చేదాన్ని గ్లైసీమిక్ లోడ్ అంటారు. రక్తం మీద పడే అసలు భారం అది. మామూలు తెల్లన్నం 400 గ్రాములకు ఇది సుమారు 82. జీఐ 51 ఉన్న ప్రత్యేక రకం బియ్యంతో అదే 400 గ్రాములు తింటే 57. మామూలు బియ్యమే 200 గ్రాములు తింటే 41. బియ్యం మార్చి అంతే తిన్నదానికన్నా, బియ్యం మార్చకుండా సగం తిన్నదే మేలు. రెండూ చేస్తే 29కి దిగుతుంది. ఖరీదైన బియ్యం కొని, పాత గరిటెతోనే పాత లెక్కలో వడ్డించుకునేవాళ్లకు ఫలితం ఎందుకు కనిపించదో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో పని: నాలుగు విడతల అన్నాన్ని ఒక్క విడత చేయండి

ఈ వ్యాసంలో ఒక్కటే ఆచరించగలనంటే ఇదే ఆచరించండి.

మన భోజనానికి ఒక వరస ఉంది. పప్పన్నం, కూరన్నం, చారన్నం లేదా పులుసన్నం, చివర్న పెరుగన్నం. ఎంత గొప్ప వరసో నాకు తెలుసు, నాకూ ఇష్టమే. కానీ ప్రతి విడతకీ కింద అన్నం పరవాల్సిందే. కూర, పప్పు, చారు, పెరుగు అన్నీ అన్నం కలుపుకోవడానికి వచ్చినవైపోయాయి. ఉత్తర భారతంలో రొట్టెలు లెక్కపెట్టుకోవచ్చు, రెండో మూడో అని. మన అన్నానికి లెక్క ఉండదు. అందుకే కొలత ముందే తేల్చుకోవాలి.

చేయాల్సింది ఇంతే. మొదట కంచంలో సగం కూరతో నింపండి. వేపుడు కాదు, బీరకాయ, సొరకాయ, దొండకాయ, వంకాయ, బెండకాయ, క్యాబేజీ, ఆకుకూర, వీటిలో ఏదైనా తక్కువ నూనెతో చేసిన కూర. పావు వంతులో గట్టి పప్పు, లేదా గుడ్డు, చేప, చికెన్. మిగిలిన పావు వంతులోనే అన్నం, 150 నుంచి 200 గ్రాములు. అన్నం ఒక్కసారే వడ్డించుకుని గిన్నె మూతపెట్టి వంటగదిలో పెట్టేయండి. గిన్నె టేబుల్ మీద ఉంటే గరిటె దానంతటదే కదులుతుంది.

తినేటప్పుడు మొదటి నాలుగైదు ముద్దలు కూర, పప్పు ఉత్తవే తినండి. మొదట్లో వింతగా ఉంటుంది. ఉప్పూ కారం అన్నంలోకి సరిపోయేలా వేసే అలవాటు కదా, ఉత్తిగా తింటే ఎక్కువనిపిస్తుంది. వండేటప్పుడే ఉప్పు, కారం, పులుపు నాలుగో వంతు తగ్గించండి. వారంలో నాలుక సర్దుకుంటుంది. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం తర్వాత తింటే, అవే పదార్థాలు తిరగేసి తిన్నప్పటికన్నా భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. వరస మార్చడానికి పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత అన్నాన్ని పప్పుకీ కూరకీ పంచుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి, మిరియాల చారైతే మరీ బాగుంటుంది. పెరుగు గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి, లేదా కరివేపాకు, అల్లం వేసిన మజ్జిగ తాగండి. పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదంటారా? నేనూ అదే అన్నాను. అలాంటప్పుడు ఆఖరి మూడు ముద్దలకు సరిపడా అన్నం ముందే పక్కన పెట్టుకోండి, ఆ 200 గ్రాముల్లోంచే.

మూడో పని: బియ్యం ఎంచుకోవడం

బియ్యంలో రెండు రకాల పిండి ఉంటుంది, అమైలోజ్, అమైలోపెక్టిన్. అమైలోజ్ ఎక్కువున్న బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది, నెమ్మదిగా అరుగుతుంది. అమైలోపెక్టిన్ ఎక్కువుంటే అన్నం జిగురుగా అతుక్కుంటుంది, త్వరగా అరుగుతుంది.

తెలంగాణలో రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048ని తెలంగాణ సోనా అంటారు. దీని జీఐ సుమారు 51. సన్న గింజ, రుచి బాగుంటుంది, కాబట్టి ఇంట్లోవాళ్లను ఒప్పించాల్సిన పని ఉండదు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, మనందరం ఏళ్లుగా తింటున్నదే. దానికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం చేర్చి హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తయారుచేశారు. దాని జీఐ కూడా 51 దగ్గరే ఉంది. వడ్లు నేరుగా రైతు దగ్గర కొని మర పట్టించుకునే వీలుంటే ఏ రకమో అడిగి తీసుకోండి. సంచి మీద "డయాబెటిక్ రైస్" అని రాసున్నంత మాత్రాన నమ్మకండి, లోపల ఉన్న రకం పేరు అడగండి.

అవి దొరక్కపోతే ఉప్పుడు బియ్యం మంచిదే, పచ్చిబియ్యం కన్నా సాధారణంగా జీఐ తక్కువ. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు బాస్మతి సులువుగా దొరుకుతుంది, అది మేలు. అతుక్కునే జాస్మిన్ బియ్యం రోజువారీకి వద్దు.

ఏ బియ్యమైనా మెత్తగా గుజ్జు చేయకండి. పొడిగా, మెతుకు మెతుకు విడిగా ఉన్నప్పుడే దించండి. వండిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడిచేసుకుని తింటే, చల్లారినప్పుడు కొంత పిండి అరగని రూపంలోకి మారి షుగర్ పెరగడం కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గుదల చిన్నదే, దాన్ని చూసుకుని కొలత పెంచకూడదు. నిమ్మరసం, చింతపండు పులుపు కూడా అరుగుదలను కొంత నెమ్మదింపజేస్తుంది. అలాగని పులిహోర పళ్లెం నిండా పెట్టుకోవడానికి లైసెన్స్ దొరికినట్టు కాదు. అన్నం నిలవ పెట్టేటప్పుడు గది వాతావరణంలో గంటలకొద్దీ వదిలేయకండి. ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. బయట ఉండిపోయిన అన్నంలో పెరిగే బాక్టీరియా వల్ల వాంతులవుతాయి, మళ్లీ వేడిచేసినా దాని విషం పోదు.

నాలుగో పని: పొద్దున టిఫిన్

ఇడ్లీ ఆవిరి మీద ఉడికేది, నూనె లేనిది, మంచిదే. కానీ దాన్లో ఎక్కువ భాగం బియ్యపు రవ్వ, మెత్తగా ఉడికి పులిసినది, సులువుగా అరుగుతుంది. ఆకలి త్వరగా వేస్తుంది. మానక్కర్లేదు. ఒక గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల రవ్వ వేసేచోట గ్లాసున్నర వేయండి. నాలుగు ఇడ్లీలకు బదులు రెండు తిని, పక్కన పెద్ద గిన్నెడు సాంబారు కూరగాయ ముక్కలతో, ఒక ఉడికించిన గుడ్డు లేదా గుప్పెడు శనగ గుగ్గిళ్లు పెట్టుకోండి.

కానీ మనకు ఇంతకన్నా మంచిది, ఎక్కడో కొననక్కర్లేనిది ఉంది: పెసరట్టు. పొట్టుతో ఉన్న పెసలు ఒక గ్లాసు రాత్రి నానేయండి, ఆరేడు గంటలు చాలు. చాలామంది కరకరలాడాలని గుప్పెడు బియ్యం కలుపుతారు, మీరు కలపకండి. నీళ్లు వంచేసి అంగుళం అల్లం, మూడు పచ్చిమిర్చి, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి కొంచెం బరకగా రుబ్బండి. మరీ వెన్నలా నలిగితే పెనం మీద అతుక్కుంటుంది, పైగా పిండి ఎంత మెత్తగా ఉంటే అంత వేగంగా అరుగుతుంది. పెనం బాగా కాలాక మంట తగ్గించి, నీళ్లు చిలకరించి తుడిచి, గరిటెడు పిండి మధ్యలో పోసి లోపలి నుంచి బయటికి తిప్పండి. అంచుల చుట్టూ ఒకే ఒక్క చెంచా నూనె. పైన సన్నగా తరిగిన ఉల్లి, అల్లం ముక్కలు. కింద రంగు తేలి అంచులు పైకి లేచినప్పుడు మడిచి తీసేయండి. పెసలు రుబ్బిన పిండి పులియక్కర్లేదు, అప్పటికప్పుడు పోసుకోవచ్చు. మనిషికి రెండు చాలు. లోపల ఉప్మా పెట్టకండి, పప్పుతో సాధించినదాన్ని బొంబాయి రవ్వతో పోగొట్టుకున్నట్టే.

ఉప్మానే కావాలనిపించిన రోజు గోధుమ రవ్వతో చేసి, రవ్వకి సమానంగా కూరగాయ ముక్కలు, వేరుశనగలు, శనగపప్పు వేయండి. అటుకులు, మరమరాలు తేలిగ్గా అనిపిస్తాయి గానీ త్వరగా అరిగే జాతే. ఓట్స్ తినేవాళ్లకు ఒక సూచన: రెండు నిమిషాల్లో అయిపోయే ఇన్‌స్టంట్ ఓట్స్ జీఐ 79, మామూలు రేకుల ఓట్స్ 55.

సిరిధాన్యాల గురించి

రాగి, జొన్న, కొర్ర అన్న పేరు చూసి జీఐ తక్కువే అనుకోకండి. అంతర్జాతీయ పట్టికలో చిరుధాన్యాల జావ 67 దగ్గర ఉంది. గింజను ఎంత మెత్తగా పిండి పట్టి, ఎంత పలచగా ఉడికిస్తే అంత త్వరగా అరుగుతుంది. పొద్దున్నే గ్లాసుడు రాగి జావ, బెల్లం వేసుకుని తాగి, "షుగర్‌కి మంచిది" అనుకునే వాళ్లు మా చుట్టాల్లో చాలామంది. ఆ జావ తాగితే పీచు, కాల్షియం వస్తాయి, నిజమే. కానీ బెల్లంతో కలిపి గటగటా తాగితే షుగర్ వేగంగానే ఎక్కుతుంది. బెల్లానికి పంచదార కన్నా జీఐ తక్కువేం కాదు.

సిరిధాన్యాలు తినండి, గింజగా తినండి. కొర్రన్నం, సామల అన్నం, పక్కన పప్పు, కూర. జొన్న రొట్టె అయితే ఒకటి, రెండుకు మించకుండా, ముద్ద కూరతో. రాగి సంగటి తింటే చిన్న ముద్ద, పక్కన ఆకుకూర పప్పు లేదా నాటుకోడి పులుసు. జావ కావాలంటే మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసుకుని, బెల్లం లేకుండా.

సాయంత్రం, టీ, రాత్రి

బరువు పెరగడంలో పెద్ద వాటా సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు మధ్య తినే తిండిదే అని నా గట్టి నమ్మకం. ఆఫీసులో టీ, సమోసా, ఇంటికొస్తూ మిర్చి బజ్జీ. ఆ సమయానికి చేతికి అందేలా ఏదో ఒకటి పొద్దున్నే సిద్ధం చేసుకోకపోతే, సాయంత్రం ఎంత నిశ్చయం చేసుకున్నా లాభం లేదు. ఆదివారం రాత్రి శనగలు, సోమవారం బొబ్బర్లు, బుధవారం ఉలవలు, ఇలా నానబెట్టి, మర్నాడు కుక్కర్‌లో ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేసి, పైన పచ్చి ఉల్లి, నిమ్మరసం. ఒక చిన్న డబ్బాడు గుగ్గిళ్లు బ్యాగులో పెట్టుకోండి. ఉడికించిన వేరుశనగ కాయలు కూడా మంచివే, గుప్పెడు వరకే. ఒక జామకాయ.

టీ లెక్క కూడా వేసుకోండి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అంటే 40 గ్రాములు. పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఒక్కసారిగా మానేయకండి. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నెలలో నాలుక గుర్తుపట్టదు. తేనెకు మారినా ఉపయోగం లేదు, తేనె జీఐ 61, పంచదార 65.

రాత్రి చపాతీ తింటే చాలు బరువు తగ్గుతామన్నది బలంగా పాతుకుపోయిన నమ్మకం. చపాతీ జీఐ తయారీని బట్టి 52 నుంచి 62 వరకు ఉంటుంది, అన్నం కన్నా కొంత నయం. కానీ నూనె రాసి కాల్చిన నాలుగు చపాతీలు, బంగాళాదుంప కూరతో తింటే లాభం ఏమీ మిగలదు. రెండు పుల్కాలు, గిన్నెడు పప్పు, గిన్నెడు కూర, అంతే. అన్నమే ఇష్టమైతే అన్నమే తినండి, 150 గ్రాములు. ఎనిమిది దాటకుండా తిని, పది పదిహేను నిమిషాలు వీధిలో నడవండి. తిన్న వెంటనే చేసే ఈ చిన్న నడక కండరాల చేత చక్కెరను వాడిస్తుంది, తిన్నాక పెరిగే షుగర్ తగ్గుతుంది.

అంకె చూసి మోసపోయే చోట్లు

పుచ్చకాయ జీఐ 76. భయపడి మానేసేవాళ్లున్నారు. అందులో అధిక భాగం నీళ్లే, ఒక కప్పు ముక్కల్లో పిండిపదార్థం చాలా తక్కువ, గ్లైసీమిక్ లోడ్ కూడా తక్కువే. హాయిగా తినండి. అటువైపు ఐస్‌క్రీమ్ జీఐ 51, బంగాళాదుంప చిప్స్ 56. కొవ్వు ఉండటం వల్ల నెమ్మదిగా అరుగుతాయి కాబట్టి అంకె తక్కువ వచ్చింది, కేలరీలు మాత్రం దండిగా ఉన్నాయి. ఒక పెద్ద చెంచా నూనె సుమారు 120 కేలరీలు. తక్కువ జీఐ పేరుతో వేపుళ్లు, జీడిపప్పు ఉప్మాలు పెంచితే నడుము తగ్గదు.

పండు పండుగా తినండి, రసం తీయకండి. మామిడి కాలంలో ఒక పెద్ద పండు ఒక్కరే తినే బదులు, సగం ముక్కలు సాయంత్రం, భోజనంతో కాకుండా విడిగా తినండి.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సూచించిన రోజు కంచంలో, 2000 కేలరీలకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. ఇవన్నీ వండకముందు కొలతలు. మన ఇళ్లలో ధాన్యం దీన్ని దాటుతుంది, పప్పు సగానికి రాదు. నలుగురున్న ఇంట్లో రోజుకు కందిపప్పు, పెసరపప్పు, గుగ్గిళ్లు అన్నీ కలిపి 340 గ్రాములు వాడుతున్నారేమో ఒకసారి చూసుకోండి. బరువు తగ్గాలనుకుంటే ధాన్యం ఇంకా తగ్గించాలి, పప్పు, కూరగాయలు తగ్గించకూడదు.

ఫలితం ఎలా తెలుసుకోవాలి

వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున బాత్రూముకు వెళ్లొచ్చాక బరువు చూసుకోండి. రోజూ చూస్తే ఉప్పు, నీళ్ల మార్పులే కనిపించి టెన్షన్ పెరుగుతుంది. టేపుతో నడుము కొలవండి, బొడ్డు దగ్గర, గాలి బయటికి వదిలాక. మన దేశస్తుల్లో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ప్రమాదకరమని లెక్క. మన ప్రాంతం వాళ్లకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే చాలు, అధిక బరువు కిందకు వస్తుంది. పాశ్చాత్యుల 25 అంకె చూసి నిశ్చింతగా ఉండకండి. వారానికి అర కిలో తగ్గితే చాలు. మొదటి వారం కిలోన్నర తగ్గినా అందులో నీళ్లే ఎక్కువ, రెండో వారం ఆగినట్టనిపిస్తే కంగారుపడకండి.

ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్ ఉంటే ఒక పరీక్ష చేయవచ్చు. ఒక సోమవారం మీ మామూలు భోజనం చేసి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు చూడండి. తర్వాత సోమవారం కూర ముందు, అన్నం 200 గ్రాములు, చారు గ్లాసులో, తిన్నాక నడక. మళ్లీ అదే సమయానికి చూడండి. ఎవరి శరీరం వాళ్లది, మీ అంకె మీకు చెప్పినంత బాగా ఏ పట్టికా చెప్పదు.

మిషన్ లేనివాళ్లకు పదకొండు గంటల పరీక్ష ఉంది. ఎనిమిదింటికి టిఫిన్ తిన్నాక పదకొండుకల్లా గట్టిగా ఆకలేస్తోందంటే, ఆ టిఫిన్‌లో పప్పుగానీ పీచుగానీ తక్కువైనట్టే. మర్నాడు ఒక ఇడ్లీ తగ్గించి అర కప్పు గుగ్గిళ్లు కలపండి. రెండు మూడు రోజుల్లో ఒంటిగంట వరకు ఆగగలిగారంటే మధ్యాహ్నం అన్నం గరిటె ఒకటి తగ్గించే సమయం వచ్చినట్టు. పెళ్లికి వెళ్లారనుకోండి, అక్కడ బూరెలు, పులిహోర, బిర్యానీ అన్నీ తిన్నారనుకోండి, రాత్రికి మజ్జిగ, గిన్నెడు పెసరపప్పు చారు తాగి పడుకోండి. పొద్దున్నే పెసలు రుబ్బుకోవడానికి పడుకునే ముందు నానేయడం మర్చిపోకండి.